పాత డీవీఆర్‌ని పారేయక్కర్లేదు, నెట్ నుంచి పీకేస్తే చాలు: సెటప్, సెక్యూరిటీ గైడ్

మొన్న ఒక శనివారం పొద్దున్నే మా బాబాయి ఫోన్ చేశాడు. "ఒరేయ్, నీకు ఈ కెమెరాల సంగతి తెలుసుగా, ఒకసారి రా. ఫోన్‌లో చెప్పేది కాదు" అన్నాడు. బాబాయికి ఉయ్యూరులో ఎరువుల కొట్టు ఉంది. ముందు కొట్టు, వెనక ఇల్లు. విజయవాడ నుంచి బందరు రోడ్డు మీద గంట ప్రయాణం. సరే అని బండేసుకుని వెళ్లా.

విషయం ఏంటంటే, ముందురోజు ఒంటిగంటకు భోజనానికి వెళ్తూ డ్రాయర్‌లో 18,000 లెక్కపెట్టి పెట్టాడట. రెండింటికి వచ్చి చూస్తే లేవు. రాత్రి డీవీఆర్‌లో వెనక్కి తిప్పి చూస్తే, మధ్యాహ్నం 1:25కి కొట్లో పనిచేసే కుర్రాడు డ్రాయర్ తీస్తున్నట్టు స్పష్టంగా కనిపిస్తోంది. కుర్రాడు ఆరేళ్లుగా అక్కడే పనిచేస్తున్నాడు. బాబాయి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, వాణ్ణీ అడగలేదు. "ఈ ముక్క పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించు, స్టేషన్‌కి వెళ్తా" అన్నాడు.

నేను వీడియో చూసేముందు అలవాటు కొద్దీ డీవీఆర్ గడియారం, నా ఫోన్ గడియారం పక్కపక్కన పెట్టి చూశా. నా ఫోన్‌లో 10:40. డీవీఆర్‌లో 13:10. సరిగ్గా రెండున్నర గంటలు ముందుంది!

ఈ రెండున్నర గంటల లెక్క డీవీఆర్‌లతో కుస్తీ పట్టినవాళ్లకి వెంటనే వెలుగుతుంది. మన టైం జోన్ జీఎంటీ ప్లస్ 5:30. చైనాది ప్లస్ 8. చాలా చవక డీవీఆర్‌లు అక్కడి టైం జోన్‌తోనే ఫ్యాక్టరీ నుంచి వస్తాయి. ఎవరో దీన్ని ఒకసారి రీసెట్ చేశారు. టైం జోన్ చైనాకి వెళ్లిపోయింది, నెట్ ఉంది కాబట్టి టైం సర్వర్ నుంచి బీజింగ్ టైం తెచ్చుకుని కూర్చుంది. మానిటర్ ఎప్పుడూ ఆఫ్‌లోనే ఉంటుంది, ఫోన్ యాప్‌లో ఆ అంకెలు చీమల్లా కనిపిస్తాయి. అందుకే ఎవరూ గమనించలేదు.

అంటే వీడియోలో 1:25 అంటే నిజానికి ఉదయం 10:55. యూరియా అమ్మే ఈ-పాస్ మెషీన్ స్లిప్పులు తీయించి చూశా. 10:52కి ఒక రైతుకి రెండు బస్తాలు ఇచ్చినట్టు స్లిప్పు ఉంది. కుర్రాడు డ్రాయర్ తీసింది ఆయనకి చిల్లర ఇవ్వడానికి. అప్పటికి ఆ 18,000 డ్రాయర్‌లోకే రాలేదు. మరి అసలు ఒంటిగంట నుంచి రెండు వరకు ఏం జరిగింది? డీవీఆర్ లెక్కలో 3:30 నుంచి 4:30 దాకా తిప్పితే, 3:52 దగ్గర వెనక తలుపు తీసుకుని పిన్ని వచ్చింది. డబ్బు కట్ట తీసుకుంది. వెళ్లిపోయింది. ఆ టైంలో కుర్రాడు బయట బస్తాలు దించుతున్నాడు. చీటీ డబ్బులు కట్టాల్సిన రోజట, చెప్పడం మర్చిపోయింది.

బాబాయి ఏమీ మాట్లాడలేదు. టీ తెమ్మని కుర్రాణ్ణి పిలవబోయి, ఆగి, తనే వెళ్లి మూడు టీలు పట్టుకొచ్చాడు.

ఆ రోజు మిగతా టైమంతా ఆ డీవీఆర్‌తోనే కూర్చున్నా. బ్రాండ్ పేరు చెప్పను. నాలుగు చానెళ్లు, హెచ్.264, 500 జీబీ డిస్క్, కొని చాలా ఏళ్లయిన బడ్జెట్ పెట్టె. ఇలాంటివి మన వైపు మెడికల్ షాపుల్లో, కిరాణా కొట్లలో, రొయ్యల చెరువుల షెడ్లలో, అపార్ట్‌మెంట్ల వాచ్‌మన్ గదుల్లో ఇంకా నడుస్తూనే ఉన్నాయి. మీ ఇంట్లో గాని, చుట్టాల ఇంట్లో గాని ఒకటి కచ్చితంగా ఉండే ఉంటుంది. ఈ ఆర్టికల్ దాని గురించే.

లోపల ఇంకో సమస్య దొరికింది

గడియారం సరే. సిస్టమ్ లాగ్ తెరిస్తే అసలు భయం వేసింది. అడ్మిన్ పేరుతో బయటి ఐపీ అడ్రస్‌ల నుంచి లాగిన్‌లు ఉన్నాయి. టైం తేడా తీసేసి చూసినా అర్ధరాత్రి దాటాక, తెల్లవారుజామున. మా వాళ్లెవరూ ఆ టైంలో కెమెరా చూడరు. పాస్‌వర్డ్ ఏంటా అని చూస్తే, ఖాళీ. రీసెట్ చేసినాయన మళ్లీ పాస్‌వర్డ్ పెట్టలేదు. పైగా "ఫోన్‌లో కనపడాలి" అని అడిగారు కాబట్టి రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ చేసి వెళ్లాడు. ఆయన చెడ్డ ఉద్దేశంతో చేశాడని నేననుకోను. పని తొందరగా అవ్వాలి, ఫోన్‌లో బొమ్మ రావాలి, అంతే.

నాలుగో కెమెరా ఇంటి వెనక పెరట్లోకి ఉంది. మోటార్ దొంగతనం చేస్తారేమో అని పెట్టించారు. పిన్ని బట్టలు ఆరేసేదీ, తలంటుకుని జుట్టు ఆరబెట్టుకునేదీ అక్కడే. విషయం చెప్పగానే పిన్ని అడిగింది ఒకటే మాట: "ఎవరు చూశారు?" నా దగ్గర జవాబు లేదు. అలాంటి లాగిన్‌లలో ఎక్కువ భాగం మనుషులు కాదు, నెట్ అంతా వెతుకుతూ తిరిగే ప్రోగ్రాములే. కానీ "ఎవరూ చూడలేదు" అని మాత్రం ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు.

ఇది ఉయ్యూరులో ఒక్క కొట్టు కథ అనుకోవద్దు. 2016లో మిరాయ్ అనే బాట్‌నెట్ వచ్చింది. అది చేసిందల్లా ఒక్కటే: దాదాపు 60 డిఫాల్ట్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతల లిస్టు పట్టుకుని, నెట్‌లో కనిపించిన ప్రతి డీవీఆర్, కెమెరా, రౌటర్ తలుపు కొట్టి చూడటం. తెరుచుకున్నవాటిని సైన్యంలా వాడుకున్నారు. 2016 అక్టోబర్ 21న డైన్ అనే డీఎన్‌ఎస్ కంపెనీ మీద జరిగిన దాడితో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్, స్పాటిఫై, రెడిట్ లాంటి సైట్లు అమెరికాలో చాలామందికి గంటల తరబడి తెరుచుకోలేదు. అందులో పాల్గొన్నవి సూపర్ కంప్యూటర్లు కాదు, మన బాబాయి కొట్లో ఉన్నలాంటి పెట్టెలే.

2018 అక్టోబర్‌లో ఎస్‌ఈసీ కన్సల్ట్ అనే సెక్యూరిటీ సంస్థ, షియోంగ్‌మాయ్ అనే చైనా కంపెనీ తయారుచేసే బోర్డుల గురించి రిపోర్ట్ ఇచ్చింది. అడ్మిన్ పాస్‌వర్డ్ ఫ్యాక్టరీ నుంచే ఖాళీగా వస్తుంది, మెనూలో కనపడని ఇంకో అకౌంట్ కూడా ఉంది, ఫోన్ యాప్‌కి ఇచ్చే క్లౌడ్ ఐడీని ఊహించడం కష్టం కాదు అని తేల్చింది. ఆ బోర్డులు వందకు పైగా వేరే వేరే బ్రాండ్ల పేర్లతో అమ్ముడయ్యాయి. అంటే పెట్టె మీద ఏ పేరుందో చూసి లోపల ఏముందో చెప్పలేం. పెద్ద బ్రాండ్లూ దీనికి అతీతం కాదు. హిక్‌విజన్, దహువా రెండింటి పరికరాల్లోనూ తీవ్రమైన లోపాలు 2021లో బయటపడ్డాయి, కంపెనీలు ప్యాచ్‌లు ఇచ్చాయి. సమస్య ఏంటంటే, పాత పెట్టెకి ప్యాచ్ వేసేవాళ్లు ఎవరు?

2025 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి సీసీ కెమెరాల వీడియోలు టెలిగ్రామ్‌లో అమ్ముతున్నారని బయటపడింది. ఆ వార్త చదివినప్పుడు "అయ్యో" అనుకుని స్క్రోల్ చేసేశా. పిన్ని అడిగిన ప్రశ్న తర్వాత అది మళ్లీ గుర్తొచ్చింది.

మరి పారేసి కొత్తది కొనాలా? అక్కర్లేదు. ఈ పాత పెట్టె రికార్డర్‌గా ఇప్పటికీ బాగానే పనిచేస్తుంది. ఇంటర్నెట్ పరికరంగా మాత్రం పనికిరాదు. ఈ తేడా అర్థమైతే మిగతాదంతా సులువు. ఇక స్టెప్స్‌లోకి వెళ్దాం.

1. ముందు నెట్ కేబుల్ పీకండి

ఏదైనా మార్చేముందు వెనకున్న లాన్ కేబుల్ తీసేయండి. తర్వాత పవర్ ఆఫ్ చేసి ఆన్ చేయండి. మిరాయ్ లాంటివి మెమరీలో మాత్రమే ఉంటాయి, రీస్టార్ట్ చేస్తే పోతాయి. కానీ పాత పాస్‌వర్డ్‌తోనే మళ్లీ నెట్‌కి కలిపితే కొద్ది నిమిషాల్లోనే మళ్లీ పట్టుకునే ప్రమాదం ఉంది. అందుకే వరుస ముఖ్యం: కేబుల్ పీకడం, రీస్టార్ట్, పాస్‌వర్డ్ మార్చడం.

2. మూత తీసి శుభ్రం చేయండి

డీవీఆర్ 12 వోల్టుల అడాప్టర్ పీకేశాకే మూత తీయండి. కెమెరాలకి కరెంట్ ఇచ్చే ఎస్‌ఎంపీఎస్ పెట్టె వేరు, అందులో 230 వోల్టులు ఉంటాయి. దాని జోలికి వెళ్లొద్దు, అవసరమైతే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. బాబాయి డీవీఆర్‌లో ఎరువుల దుమ్ము, రెండు బల్లి గుడ్లు, ఒక సాలెగూడు ఉన్నాయి. మెత్తటి బ్రష్‌తో దులపండి. ఫ్యాన్ ఉంటే తిరుగుతోందా చూడండి.

బోర్డు మీద గుండ్రటి బటన్ సెల్ ఉంటుంది, చాలావాటిలో సీఆర్2032 లేదా అంతకంటే చిన్నది. కరెంట్ పోయినప్పుడు గడియారాన్ని నడిపేది అదే. అది అయిపోతే కరెంట్ పోయిన ప్రతిసారీ తేదీ 2000 సంవత్సరానికి వెళ్లిపోవచ్చు. పాత సెల్ మీద రాసున్న నంబరే చూసి అదే కొనండి. కొన్నింట్లో సెల్‌ని బోర్డుకి అతికించేసి ఉంటారు, అది మొబైల్ రిపేర్ షాపులో మార్పించుకోండి.

మన డెల్టాలో ఇంకో రెండు జాగ్రత్తలు. ఒకటి, తేమ. బందరు, అవనిగడ్డ వైపు ఉప్పుగాలికి బీఎన్‌సీ కనెక్టర్లు పచ్చబడిపోతాయి. కెమెరా బొమ్మ వణుకుతున్నా, గీతలు పడుతున్నా కెమెరా మార్చేముందు కనెక్టర్ మార్చి చూడండి, జాయింట్లన్నీ మూత ఉన్న జంక్షన్ బాక్సులో పెట్టండి. రాత్రి మాత్రమే కెమెరా ఆరిపోతుంటే అనుమానం పవర్ మీద పెట్టుకోండి. రాత్రి ఐఆర్ లైట్లు వెలిగితే కరెంట్ ఎక్కువ లాగుతుంది, బలహీనమైన సప్లై తట్టుకోలేదు. రెండు, నీళ్లు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ఎలా మునిగిందో చూశాం కదా. డీవీఆర్‌ని బల్ల కింద కాదు, గోడకి ఎత్తున స్టాండ్ మీద పెట్టండి.

3. పాస్‌వర్డ్, దాగున్న అకౌంట్లు

మానిటర్, యూఎస్‌బీ మౌస్ తగిలించి మెనూలోకి వెళ్లండి. అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. పాత పెట్టెలు కొన్ని ఆరు లేదా ఎనిమిది అక్షరాలకు మించి తీసుకోవు. ఎంతవరకు తీసుకుంటే అంత పొడవు పెట్టండి, ఫోన్ నంబర్, షాపు పేరు, 123456 మాత్రం వద్దు. దాన్ని ఒక కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. అవును, కాగితమే. పాస్‌వర్డ్ మర్చిపోయి రీసెట్ చేయించుకోవడం వల్లే కదా మా గొడవంతా మొదలైంది.

తర్వాత యూజర్ల లిస్టు చూడండి. దహువా తరహా పాత డీవీఆర్‌లలో 888888, 666666 అనే పేర్లతో అకౌంట్లు ముందే ఉంటాయి. తీసేయగలిగినవి తీసేయండి, తీయలేనివాటికి పాస్‌వర్డ్ మార్చండి. ఇన్‌స్టాలర్ పేరుతో ఏదైనా ఉంటే అదీ తీసేయండి. రోజూ చూసేవాళ్లకి కేవలం చూసే హక్కు ఉన్న వేరే యూజర్ చేసి ఇవ్వండి, అడ్మిన్ మీ దగ్గరే ఉంచుకోండి.

ఒక చేదు నిజం కూడా చెప్పాలి. కొన్ని పాత మోడళ్లకి ఆ రోజు తేదీ చెబితే లెక్కకట్టి ఇచ్చే మాస్టర్ కోడ్ ఉంటుంది. ఇంకొన్నింట్లో టెల్‌నెట్ పాస్‌వర్డ్ ఫర్మ్‌వేర్‌లోనే ఉంటుంది, మెనూలో మీరు ఏం మార్చినా అది మారదు. కాబట్టి పాస్‌వర్డ్ మార్చడం అవసరం, కానీ అదొక్కటే చాలదు. అసలు రక్ష 6వ స్టెప్‌లో ఉంది.

4. టైం సరిచేయండి

టైం జోన్ జీఎంటీ ప్లస్ 5:30. డేలైట్ సేవింగ్ ఆఫ్. తేదీ ఫార్మాట్ రోజు, నెల, సంవత్సరం. తర్వాత ఫోన్ చూసి సెకన్లతో సహా సెట్ చేయండి. నెట్ లేకుండా వాడితే టైం సర్వర్ పనిచేయదు, గడియారం మెల్లగా జరుగుతుంది. నెలకోసారి సరిచూడండి. మేం కొట్టు గోడ క్యాలెండర్‌లో ప్రతి ఒకటో తారీకు పక్కన "కెమెరా టైం" అని రాసేశాం.

ఒక టిప్: మార్చేముందు తేడా ఎంతుందో ఫోన్‌తో ఫొటో తీసుకోండి, డీవీఆర్ స్క్రీన్, ఫోన్ గడియారం రెండూ ఒకే ఫొటోలో ఉండేలా. పాత రికార్డింగ్‌ల అసలు టైం లెక్కకట్టాలంటే ఆ ఫొటోనే ఆధారం.

5. డిస్క్ లెక్క: ఎన్ని రోజులు ఉంటుంది?

లెక్క చాలా సింపుల్. 1 ఎంబీపీఎస్ బిట్‌రేట్‌తో ఒక కెమెరా 24 గంటలు రికార్డ్ చేస్తే 10.8 జీబీ. బాబాయి డీవీఆర్‌లో ఒక్కో కెమెరా 2 ఎంబీపీఎస్ మీద ఉంది. నాలుగు కెమెరాలకి రోజుకి 86.4 జీబీ. అంటే 500 జీబీ డిస్క్ ఆరు రోజులు కూడా రాదు. వారం తర్వాత దొంగతనం సంగతి తెలిస్తే చూడటానికి ఏమీ మిగలదు.

మేం 1 టీబీ డిస్క్ వేశాం. 720పీ రిజల్యూషన్ అలాగే ఉంచి, ఫ్రేమ్ రేట్ 12కి, బిట్‌రేట్ 1 ఎంబీపీఎస్‌కి తగ్గించాం. ఇప్పుడు రోజుకి 43.2 జీబీ, దాదాపు 23 రోజులు. గోడౌన్ కెమెరా, పెరటి కెమెరా మోషన్ రికార్డింగ్‌కి మార్చాక నెల దాటుతోంది. మోషన్ పెడితే లెన్స్ ముందు సాలెగూళ్లు మాత్రం తుడుస్తూ ఉండాలి. లేకపోతే సాలీడు కదిలిన ప్రతిసారీ రికార్డ్ అవుతుంది.

నెల రోజులు ఎందుకు? ఆంధ్రప్రదేశ్ ప్రజా భద్రత చర్యల అమలు చట్టం 2013 ప్రకారం, ఒకేసారి 100 మంది లేదా రోజుకి 500 మంది వచ్చే సంస్థలు కెమెరాలు పెట్టి 30 రోజుల రికార్డింగ్ దాచాలి. చిన్న కొట్టుకి అది వర్తించకపోయినా, మంచి కొలత.

డిస్క్ కొనేటప్పుడు డబ్ల్యూడీ పర్పుల్, సీగేట్ స్కైహాక్ లాంటి సర్వైలెన్స్ డిస్క్‌లే తీసుకోండి. రోజంతా రాస్తూనే ఉండే పనికి తయారుచేసినవి అవి. పాత డీవీఆర్‌లు ఎంత సైజు డిస్క్ వరకు గుర్తుపడతాయో మాన్యువల్‌లో చూశాకే కొనండి. కొత్త డిస్క్ పెట్టగానే డీవీఆర్ ఫార్మాట్ అడుగుతుంది. పాత డిస్క్‌లో కావాల్సినవి ఏమైనా ఉంటే ముందే కాపీ చేసుకోండి.

6. నెట్‌వర్క్: అసలు పని ఇక్కడే

ముందు రౌటర్‌లోకి వెళ్లండి. పోర్ట్ ఫార్వర్డింగ్ లిస్టులో డీవీఆర్‌కి సంబంధించినవన్నీ తీసేయండి. సాధారణంగా కనిపించేవి 80, 554, 8000, 34567, 37777. రౌటర్‌లో యూపీఎన్‌పీ ఆఫ్ చేయండి, లేకపోతే డీవీఆర్ అడగకుండానే తన తలుపులు తానే తెరిపించుకుంటుంది. తర్వాత డీవీఆర్ మెనూలో యూపీఎన్‌పీ, డీడీఎన్‌ఎస్, టెల్‌నెట్, ఎఫ్‌టీపీ, పీ2పీ లేదా క్లౌడ్ అన్నవన్నీ ఆఫ్.

"మాది పబ్లిక్ ఐపీ కాదు, బయటివాళ్లు రాలేరు" అని కొందరంటారు. సగమే నిజం. సీజీనాట్ వెనకున్న కనెక్షన్‌లో బయట నుంచి నేరుగా తలుపు తట్టడం కుదరదు. కానీ పీ2పీ పనిచేసే తీరు వేరు. అందులో డీవీఆరే లోపల నుంచి బయటి సర్వర్‌కి ఫోన్ చేసి లైన్‌లో ఉంటుంది. దాని ఐడీ, పాస్‌వర్డ్ తెలిసినవాళ్లు ఆ లైన్ మీదుగా లోపలికి వస్తారు. క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఫోన్‌లో బొమ్మ వచ్చేది అలాగే. పాస్‌వర్డ్ ఖాళీగా ఉంటే సీజీనాట్ మిమ్మల్ని కాపాడదు.

ఇప్పుడు మీకు రెండు దారులున్నాయి.

మొదటిది, నెట్ అస్సలు వద్దు. లాన్ కేబుల్ తగిలించకండి. మానిటర్‌లో చూడండి, కావాల్సింది పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి. ఇంటికి, చిన్న కొట్టుకి నా ఓటు దీనికే. ఖర్చు సున్నా.

రెండోది, ఫోన్‌లో చూడాల్సిందే అంటే వీపీఎన్ పెట్టుకోండి. మీరు టెక్ ఇష్టం ఉన్నవాళ్లైతే ఒక మధ్యాహ్నం పని. పాత ల్యాప్‌టాప్ మీద లైనక్స్ వేసి గాని, రాస్ప్‌బెర్రీ పై మీద గాని టెయిల్‌స్కేల్ ఇన్‌స్టాల్ చేయండి. సీజీనాట్ ఉన్నా ఇది పనిచేస్తుంది. డీవీఆర్‌కి 192.168.1.50 లాంటి స్టాటిక్ ఐపీ ఇచ్చి, సబ్‌నెట్ రౌటర్ సెట్టింగ్‌లో ఆ ఒక్క అడ్రస్‌నే 192.168.1.50/32 అని ఇవ్వండి. లైనక్స్‌లో ఐపీ ఫార్వర్డింగ్ ఆన్ చేయడం, టెయిల్‌స్కేల్ అడ్మిన్ పేజీలో ఆ రూట్‌ని అప్రూవ్ చేయడం మర్చిపోవద్దు. ఫోన్‌లో కూడా టెయిల్‌స్కేల్ పెట్టి అదే అకౌంట్‌తో లాగిన్ అవ్వండి.

ఇక్కడ ఒక చిన్న ట్రిక్. డీవీఆర్ నెట్‌వర్క్ పేజీలో గేట్‌వే దగ్గర రౌటర్ అడ్రస్ బదులు వాడకంలో లేని అడ్రస్ ఏదైనా ఇవ్వండి, డీఎన్‌ఎస్ కూడా అలాగే. అప్పుడు డీవీఆర్‌కి బయటికి దారి తెలియదు. అయినా ఫోన్‌లో బొమ్మ వస్తుంది. ఎందుకంటే లైనక్స్ మీద టెయిల్‌స్కేల్ మామూలుగా మీ రిక్వెస్ట్‌ని ల్యాప్‌టాప్ అడ్రస్‌తోనే పంపుతుంది, డీవీఆర్‌కి అది పక్కింటి వాడు అడిగినట్టే ఉంటుంది. గేట్‌వే మార్చడం గోడ కాదు, గొళ్లెం లాంటిదే. రౌటర్‌లో మ్యాక్ ఫిల్టర్ లేదా పేరెంటల్ కంట్రోల్ ఉంటే డీవీఆర్‌కి ఇంటర్నెట్ అక్కడ కూడా బ్లాక్ చేయండి. కస్టమర్లకి వైఫై ఇస్తుంటే గెస్ట్ నెట్‌వర్క్ వేరుగా పెట్టండి.

చూడటానికి ఏ యాప్? డీవీఆర్ ఆర్‌టీఎస్‌పీ ఇస్తే వీఎల్‌సీ చాలు. లేదా కంపెనీ యాప్‌లోనే క్లౌడ్ ఐడీ బదులు ఐపీ అడ్రస్‌తో యాడ్ చేయండి. కంప్యూటర్ బ్రౌజర్‌లో పాత డీవీఆర్ పేజీలు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ అడుగుతాయి. 2022 జూన్ 15తో దాని సపోర్ట్ ఆగిపోయింది. తప్పదనుకుంటే ఎడ్జ్‌లో ఐఈ మోడ్ వాడండి, ఆ ఒక్క అడ్రస్‌కి మాత్రమే.

7. ఫర్మ్‌వేర్

కంపెనీ సొంత సైట్‌లో, మీ మోడల్ నంబర్ అక్షరం పొల్లుపోకుండా సరిపోయే ఫైల్ ఉంటేనే అప్‌డేట్ చేయండి. అప్‌డేట్ అవుతుండగా కరెంట్ పోతే పెట్టె చచ్చిపోతుంది, కాబట్టి ఇన్వర్టర్ మీద పెట్టి చేయండి. ఎక్కడో ఫైల్ షేరింగ్ సైట్లో దొరికిన ఫర్మ్‌వేర్ మాత్రం వద్దే వద్దు. మా డీవీఆర్‌కి ఏమీ దొరకలేదు. నెట్‌కి దూరంగా ఉంచాం కాబట్టి నిద్ర పడుతోంది.

8. చెక్ చేయండి

ఫోన్‌లో వైఫై ఆపి, వీపీఎన్ కూడా ఆపి, మొబైల్ డేటాతో పాత యాప్‌లో డీవీఆర్ తెరవండి. తెరుచుకోకూడదు. ఆన్‌లైన్ పోర్ట్ చెకర్‌లో మీ పబ్లిక్ ఐపీకి పైన చెప్పిన పోర్టులన్నీ మూసి ఉన్నాయో చూడండి. షోడాన్ అనే సెర్చ్ ఇంజిన్ నెట్‌కి తెరిచి ఉన్న పరికరాల్ని లిస్ట్ చేస్తుంది, అందులో మీ ఐపీ వెతకండి. మీది మాత్రమే. సరదాకి ఇంకొకరి డీవీఆర్‌లోకి లాగిన్ అవ్వడం ఐటీ చట్టం ప్రకారం నేరం, పాస్‌వర్డ్ లేకపోయినా నేరమే.

కెమెరా ఎటు చూస్తోంది?

సెటప్ అంతా అయ్యాక నాలుగో కెమెరా దగ్గరికి వెళ్లాం. నేను మెనూలో ప్రైవసీ మాస్క్ పెడదామన్నా. పిన్ని ఒప్పుకోలేదు. "నాకు ఆ నల్ల డబ్బాలు అర్థం కావు. దాన్నే అటు తిప్పు" అంది. తిప్పాం. ఇప్పుడు అది మోటార్‌ని, వెనక గేటుని చూస్తుంది, పెరటిని కాదు. పిన్ని మానిటర్ ముందు నిలబడి తన కళ్లతో చూసుకున్నాకే సరే అంది. సెక్యూరిటీలో ఇంతకంటే మంచి సెట్టింగ్ లేదు. దొంగిలించడానికి అక్కడ బొమ్మే లేకపోతే ఏ హ్యాకర్ ఏం చేస్తాడు?

వీడియో నిజంగా అవసరమైనప్పుడు

ఏదైనా జరిగితే ఆ రోజే కాపీ తీయండి, డిస్క్ నిండితే పాతది చెరిగిపోతుంది. పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేయండి. పాత డీవీఆర్‌లు తమ సొంత ఫార్మాట్‌లో ఫైల్ ఇస్తాయి కాబట్టి దాని ప్లేయర్ కూడా పక్కనే కాపీ చేయండి. ఆ ఫైల్‌ని ఎడిట్ చేయకండి, పేరు మార్చకండి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ ఇవ్వాలి, అందులో ఫైల్ హ్యాష్ విలువ రాయాలి. కాపీ తీసిన వెంటనే షా256 హ్యాష్ తీసి రాసి పెట్టుకోండి. గడియారం తేడా ఉంటే అది కూడా రాసి ఇవ్వండి. ఒక టైం తేడా ఒకరి జీవితాన్ని ఎటు తిప్పగలదో మేం కళ్లారా చూశాం.

ఎప్పుడు కొత్తది కొనాలి?

వీపీఎన్ పెట్టుకోలేరు, ఫోన్‌లో చూడటం తప్పనిసరి అంటే పాతదాన్ని రిటైర్ చేయండి. కొత్త కెమెరాల విషయంలో కేంద్రం 2025 ఏప్రిల్ 9 నుంచి సెక్యూరిటీ పరీక్షల నిబంధనలు తెచ్చింది. కొనేటప్పుడు ఎస్‌టీక్యూసీ సర్టిఫికెట్ ఉన్న మోడలేనా అని అడగండి. ఆ నిబంధన మీ అటక మీద ఉన్న పాత పెట్టెని మాత్రం మార్చదు, దాని సంగతి మీరే చూసుకోవాలి.

బాబాయికి మొత్తం ఖర్చు: ఒక 1 టీబీ డిస్క్, ఒక బటన్ సెల్, నాలుగు బీఎన్‌సీ కనెక్టర్లు. ఫోన్ యాప్ తీసేస్తే మొదట కాస్త గొణిగాడు. తర్వాత తనే అన్నాడు, "నేను ఎప్పుడు చూశాన్రా దాన్ని, వాడొక్కణ్ణి కొట్లో వదిలి వెళ్లినప్పుడే కదా." కుర్రాడికి ఇప్పటికీ ఈ సంగతేదీ తెలియదు. మొన్న వెళ్తే మానిటర్ మీద దుమ్ము తుడుస్తూ, "అన్నా, టైం కరెక్టే ఉంది, ఒకటో తారీకు నేనే చూశా" అన్నాడు.

ఈ ఆదివారం మీ ఇంట్లో, మీ చుట్టాల కొట్లో ఉన్న డీవీఆర్ ముందు ఐదు నిమిషాలు నిలబడండి. గడియారం చూడండి. పాస్‌వర్డ్ చూడండి. వెనకున్న నెట్ కేబుల్ నిజంగా అవసరమా అని అడగండి. అవసరం లేదంటే పీకేయండి, మిగతా స్టెప్స్ తీరిగ్గా చేసుకోవచ్చు.